గోదావరి మొగల దగ్గర ఇసుక దిబ్బలు, ఎండు పొదలు: తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరి డెల్టా అనగానే కొబ్బరి తోటలు, వరి చేలు, కోరంగి మడ అడవులు గుర్తొస్తాయి. వాటికి అవతల, అలలకి ఇవతల ఇసుక మీద ముళ్లపొదలు పెరిగే సన్నటి పట్టీ ఒకటుంది. అంతర్వేది తీర్థానికి వెళ్లినవాళ్లు, ఓడలరేవు బీచ్‌కి వెళ్లినవాళ్లు, కాకినాడ నుంచి పడవలో హోప్ ఐలాండ్ చూసొచ్చినవాళ్లు దాన్ని దాటుకునే వెళ్లుంటారు. చాలామందికి అది ఖాళీ జాగాలాగే కనిపిస్తుంది. కనిపించనివాళ్ల కోసం, కనిపించాక సందేహాలు వచ్చినవాళ్ల కోసం ఈ ప్రశ్నలు.

డెల్టా అంటే నీళ్లే కదా, అక్కడ ఎండు పొదలేంటి?

లంకకీ సముద్రపు దిబ్బకీ ఉన్న తేడా చూస్తే అర్థమవుతుంది. నది మధ్యలోని లంక వరదకి వచ్చిన ఒండ్రుతో ఏర్పడుతుంది. అందుకే అక్కడ అరటి, కంద, కూరగాయలు, ఏది వేసినా పండుతుంది. సముద్రం అంచున ఉన్న దిబ్బ అలా కాదు. నది మోసుకొచ్చిన దాంట్లో మెత్తటి బురదని పోటు లోపలి కాలవల్లోకి తీసుకుపోతుంది, అక్కడ మడ పెరుగుతుంది. బరువైన ఇసుకని అలలు ఒడ్డుకి కొడతాయి, ఆరిన ఇసుకని గాలి ఎగరేసి కుప్ప పోస్తుంది. వశిష్ఠ, వైనతేయ, గౌతమి మూడు పాయల మొగల (అవి సముద్రంలో కలిసే చోట్ల) దగ్గరా, వాటి మధ్య తీరం వెంటా ఇలాంటి దిబ్బలు వరసలుగా ఉన్నాయి.

ఇంకా లోపలికి, సముద్రానికి చాలా దూరంగా కూడా పాత దిబ్బల ఆనవాళ్లు కనిపిస్తాయి. వేల ఏళ్లుగా డెల్టా సముద్రంలోకి జరుగుతూ వచ్చింది కాబట్టి, ఒకప్పటి ఒడ్డు ఇప్పుడు ఊరి మధ్య మెరకగా మిగిలింది. వాటి మీద ఎక్కువగా ఊళ్లూ తోటలే ఉన్నాయి. పొదలు మిగిలింది సముద్రం పక్కనే.

వాన బాగానే పడుతుందిగా, మరి ఎండు ఎందుకు?

కాకినాడ వైపు ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకి పైనే పడుతుంది. కాకపోతే ఆ వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి నవంబర్ లోపే పడిపోతుంది. పడ్డ నీరు ఇసుకలో నిలవదు, నిమిషాల్లో కిందికి దిగిపోతుంది. ఆ తర్వాత ఫిబ్రవరి నుంచి మే దాకా పైన నిప్పులు కురిసే ఎండ, పక్కనుంచి ఉప్పు గాలి. మధ్యాహ్నం ఆ ఇసుక మీద చెప్పుల్లేకుండా పది అడుగులు వేయలేం. పక్క ఊళ్లో కాలవ నిండా నీళ్లున్నా దిబ్బ మీది మొక్కకి అవి అందవు. నీళ్ల విషయంలో ఆ మొక్క బతుకు మెట్టప్రాంతపు మొక్క బతుకే.

హోప్ ఐలాండ్ నిజంగా ద్వీపమేనా?

పేరుకి ఐలాండ్, పుట్టుక ప్రకారం చూస్తే ఒడ్డు నుంచి సముద్రంలోకి పెరిగిన ఇసుక నాలిక. గౌతమి తెచ్చిన ఇసుకని నైరుతి రుతుపవనాల కాలంలో వచ్చే అలలు ఉత్తరానికి తోస్తాయి. అలా గత రెండు వందల ఏళ్లలో దాదాపు 16 కిలోమీటర్ల పొడవున పెరిగింది. కాకినాడ రేవుకి ఇది సహజంగా ఏర్పడ్డ అడ్డుగోడ. ఎదురుగా సముద్రం ఎగసిపడుతున్నా లోపల కాకినాడ బేలో నీళ్లు నెమ్మదిగా ఉండడానికి కారణం ఇదే.

అన్నీ మేలే అనుకోకండి. ఉత్తరాన ఉప్పాడ దగ్గర ఊళ్లని సముద్రం కోసేయడానికి పరిశోధకులు చెప్పే కారణాల్లో ఈ నాలిక పెరుగుదల కూడా ఒకటి. అలల దిశ మారడం, ఉత్తరానికి వెళ్లాల్సిన ఇసుక ఆగిపోవడం వల్ల ఒకచోట మేట పడితే ఇంకోచోట కోత పడుతుంది.

అక్కడ ఏ మొక్కలు ఉంటాయి?

సముద్రం వైపు నుంచి ఊరి వైపు నడుస్తూ చూస్తే వరస బాగా తెలుస్తుంది.

పోటు గీత దాటగానే నేలని అంటిపెట్టుకుని పాకేది బాలబంద తీగ. మేక గిట్టలా రెండుగా చీలిన మందపాటి ఆకు, ఊదారంగు పువ్వు. మీటర్ల కొద్దీ పాకి, కణుపు కణుపుకీ వేరు దింపుతుంది. గాలికి ఇసుక వచ్చి మీద పడితే చచ్చిపోదు, పైకి కొత్త కొమ్మ వేస్తుంది. అంటే ఇసుక పెరిగే కొద్దీ తీగా పెరుగుతుంది, తీగ పెరిగే కొద్దీ ఇంకాస్త ఇసుక ఆగుతుంది. దిబ్బ కట్టే పని ఇక్కడే మొదలవుతుంది.

దాని పక్కనే రావణాసురుడి మీసాలు. సూదుల్లాంటి ఆకులతో గుబురుగా ఉండే గడ్డి ఇది, కాలికి గుచ్చుకుంటే ఆ రోజంతా గుర్తుంటుంది. దీంట్లో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. ఆడ మొక్కకి కాసే ముళ్లబంతి ఎండాక ఊడిపోయి గాలికి ఇసుక మీద దొర్లుకుంటూ పోతుంది, పోయిన దారంతా గింజలు రాలుస్తుంది. సముద్రం ఒడ్డు పిల్లలకి ఆ బంతుల వెంట పరిగెత్తడం ఒక ఆట.

కొంచెం వెనక్కి, గాలి జోరు తగ్గే చోట జిల్లేడు, వావిలి, మొగలి. జిల్లేడుని పిచ్చిమొక్క అని పీకేస్తారు గానీ, నారింజ రెక్కల మీద నల్ల అంచు ఉండే సీతాకోకచిలుక గొంగళి పురుగుగా ఉన్నప్పుడు తినేది జిల్లేడు ఆకునే. మొగలి సంగతి మనవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. వాసన వచ్చే మొగలి పువ్వు మగ చెట్టుది. ఆడ చెట్టుకి అనాసపండుని పోలిన కాయ వస్తుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. కాండం నుంచి దిగే ఊత వేళ్లు ఇసుకని పట్టినంత గట్టిగా మనం కట్టే ఏ దడీ పట్టదు.

ఇంకా వెనక ఈత, రేగు, వేప, కానుగ, గంగరావి, నాగజెముడు, మధ్యమధ్య తాడిచెట్లు. ఇక్కడికొచ్చేసరికి పొద దట్టంగా, ముళ్లతో, ఒకదాన్నొకటి అల్లుకుని ఉంటుంది. గాలి వైపున్న కొమ్మలు ఉప్పుకి మాడిపోయి, చెట్టంతా ఊరి వైపుకి వంగినట్టు కనిపిస్తుంది. దిబ్బ వెనక పల్లంలో ఉప్పు తేలిన పర్ర భూమి మొదలైతే ఇలకూర లాంటి ఉప్పు మొక్కలు వస్తాయి, అక్కణ్నుంచి మడ.

మడ అడవిని కాపాడితే ఇదీ కాపాడినట్టే కదా?

కాదు. మడకి బురద, రోజూ వచ్చే పోటు నీరు కావాలి. ఈ పొదలకి పోటు తగలని ఇసుక కావాలి. కోరంగి అభయారణ్యం 1978లో ఏర్పడింది, విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లకి పైనే. తెల్లమడ, తిల్ల చెట్ల గురించి ఇప్పుడు బడిపిల్లలకి కూడా తెలుసు. దిబ్బల మీది పొదలకి అలాంటి పేరు రాలేదు. ఫొటోల్లో బాగుండవు మరి! కానీ చాలాచోట్ల మడకి, సముద్రానికి మధ్య ఉన్నది ఆ దిబ్బే. అది తెగితే అలలు నేరుగా మడ మీదికి వస్తాయి, ఇసుక వచ్చి బురదని కప్పేస్తుంది.

సరుగుడు నాటుతున్నారుగా, ఇంకేం కావాలి?

ఈ ప్రశ్న ఎక్కువగా వస్తుంది కాబట్టి కాస్త పెద్ద జవాబు.

సరుగుడుని తిట్టాల్సిన పని లేదు. ఇసుకలో పెరుగుతుంది, గాలిని ఆపుతుంది, వేళ్లలో ఉండే సూక్ష్మజీవుల సాయంతో నత్రజనిని పట్టుకుంటుంది. నాలుగైదేళ్లకి నరికితే కాగితం మిల్లుకి గుజ్జు కర్రగానో, సెంట్రింగ్ కర్రగానో డబ్బులొస్తాయి. ఇసుక నేల ఉన్న రైతుకి అంతకన్నా నమ్మకమైన పంట దొరకడం కష్టం. రైతు తన పొలంలో వేసుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు.

చిక్కంతా దాన్ని పొదకి బదులుగా నాటినప్పుడు వస్తుంది. సరుగుడు తోటలోకి వెళ్లి కింద చూడండి, ఎండిన ఆకు మెత్తలా పరుచుకుని ఉంటుంది. దాని కింద బాలబంద ఉండదు, గడ్డి ఉండదు, చాలాచోట్ల సరుగుడు మొలక కూడా కనిపించదు. గాలి చెట్టు పైభాగాన ఆగుతుంది గానీ, నేల మీద జారే ఇసుకని ఆపడానికి అక్కడేమీ ఉండదు. అన్నీ ఒకే వయసు చెట్లు కాబట్టి నరికినప్పుడు అన్నీ ఒకేసారి పోతాయి, ఆ ఏడాది దిబ్బ బోడిగా మిగులుతుంది.

తుఫాను సంగతీ చూడాలి. 1996 నవంబర్ 6 రాత్రి కాకినాడకి దక్షిణాన తీరం దాటిన తుఫానుకి కోనసీమలో కొబ్బరి చెట్లు లక్షల్లో నేలకూలాయి. వెయ్యిమందికి పైగా చనిపోయారు. అంత గాలికి ఎత్తయిన చెట్టు విరుగుతుంది, లేదా వేళ్లతో సహా లేస్తుంది. నేలకి ఆనుకుని ఉన్న తీగకీ, వంగి ఉన్న పొదకీ ఆ భయం తక్కువ. ఆకు మాడినా వేరు బతికే ఉంటుంది, మళ్లీ చిగురేస్తుంది. కాబట్టి సముద్రం ముందు వరసని తీగకి, గడ్డికి, మొగలికి వదిలేసి, వెనక కావాలంటే సరుగుడు వేసుకోవచ్చు. జరుగుతున్నది తరచు దీనికి తలకిందులుగా ఉంటోంది. ఉన్న పొదని చదును చేసి మరీ మొక్కలు నాటి, ఫొటో దిగి, పచ్చదనం పెంచాం అంటారు. పచ్చగా ఉన్నదాన్ని పీకి పచ్చదనం పెంచడం ఏంటో!

సర్కారు తుమ్మ కూడా పొదేగా, అదీ వదిలేయాలా?

వదలకూడదు. అది ఈ నేల మొక్క కాదు, అమెరికా ఖండాల నుంచి వచ్చింది. మేకలు, పశువులు కాయలు తింటాయి, గింజలు పేడతో బయటికొచ్చి ఎక్కడ పడితే అక్కడ మొలుస్తాయి. ఉప్పుకి తట్టుకుంటుంది, నరికితే మోడు నుంచి రెట్టింపుగా చిగురేస్తుంది. ఒకసారి దట్టంగా అల్లుకుందంటే కింద గడ్డి పోచ కూడా నిలవదు. వంటచెరుకు, బొగ్గు దీనితోనే గడిచే ఇళ్లు ఉన్నాయి కాబట్టి అందరికీ శత్రువు కూడా కాదు. మొలకగా ఉన్నప్పుడే వేరుతో పీకడం తేలిక. పెద్దదయ్యాక జేసీబీతో పెకలిస్తే దిబ్బే కదిలిపోతుంది. అలాంటిచోట కొద్దికొద్దిగా కొడుతూ, ఖాళీ అయిన జాగాలో మొగలో, కానుగో పెట్టుకుంటూ పోవాలి.

జంతువులు, పక్షులు ఏముంటాయి?

పగలు వెళ్తే తొండ, ముంగిస, అదృష్టం బాగుంటే ఉడుము. ఇసుక గట్టుల్లో బొరియలు తొలిచి పసిరిక పిట్టలు గుడ్లు పెడతాయి. ఈత చెట్టుకి గిజిగాడి గూళ్లు వేలాడతాయి. పొద లోపల్నుంచి జెముడుకాకి కూత వినిపిస్తుంది గానీ పిట్ట ఓ పట్టాన కనిపించదు. ఒడ్డున ఎర్రపీతలు మన అడుగుల చప్పుడుకే బొరియల్లో దూరిపోతాయి.

రాత్రి లోకం వేరు. నక్కలు మడలోంచి దిబ్బ మీదికి వస్తాయి. కోరంగి కాలవల్లో చేపలు పట్టి బతికే బావురు పిల్లికి, నీటికుక్కలకి పోటు నీరు తగలని మెరక నేల అవసరమే. చలికాలంలో ఉత్తరాది దేశాల నుంచి వచ్చే ఉల్లంకి జాతి పక్షులు నీళ్లు వెనక్కి తగ్గే పాటు సమయంలో బురద మేటల మీద మేస్తాయి. పోటొచ్చి బురద మునిగితే వాటికి ఆనుకోవడానికి ఇసుక నాలికలే దిక్కు. కింది ముక్కు పై ముక్కు కన్నా పొడుగ్గా ఉండి, నీటిని కోసుకుంటూ ఎగిరే ఇండియన్ స్కిమ్మర్ కూడా కాకినాడ వైపు చలికాలంలో కనిపిస్తుంది. ప్రపంచంలోనే తగ్గిపోతున్న పక్షి అది. పోటు వేళ ఇసుక మీద ఆనుకున్న వలస పక్షుల్ని బైకులు, కుక్కలు వచ్చి మాటిమాటికీ లేపితే వేల కిలోమీటర్లు ఎగరడానికి దాచుకున్న కొవ్వు అక్కడే ఖర్చయిపోతుంది.

పాములుంటాయా?

ఉంటాయి. రక్తపింజర, నాగుపాము రెండూ ఉండే నేలే. పొదలో చెయ్యి పెట్టకండి, రాత్రి టార్చి లేకుండా నడవకండి.

తాబేళ్లు గుడ్లు పెట్టేది ఇసుకలో కదా, పొదలతో వాటికేం పని?

చాలా ఉంది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి నుంచి ఏప్రిల్ దాకా హోప్ ఐలాండ్ మీద, సఖినేటిపల్లి వైపు తీరం మీద రాత్రిపూట ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కో గుంటలో సుమారు వంద గుడ్లు. తల్లి కప్పెట్టి వెళ్లిపోతుంది, 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి.

ఆ పిల్లలకి సముద్రం ఎటో చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. రాత్రి సముద్రం మీద ఆకాశం కాస్త వెలుగ్గా, వెనక పొదల వరస నల్లగా ఉంటుంది. నలుపుకి దూరంగా, వెలుగు వైపుకి పాకడం వాటి పుట్టు గుణం. పొదలు తీసేసి, అక్కడ రిసార్ట్ లైట్లో, రొయ్యల చెరువుల లైట్లో పెడితే పిల్లలు ఊరి వైపుకి పాకి, తెల్లారేసరికి ఎండకో, కుక్కలకో, కాకులకో బలైపోతాయి.

ఇంకోటి, గుడ్డు నుంచి ఆడపిల్ల వస్తుందా మగపిల్ల వస్తుందా అన్నది ఇసుక వేడిని బట్టి ఉంటుంది. వేడి ఎక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి. పోటు గీత దాకా సరుగుడు నాటేస్తే నీడకి ఇసుక చల్లబడుతుంది, వేళ్లు అడ్డం వచ్చి తల్లికి తవ్వడానికి చోటూ ఉండదు. పొదలు వెనక, బోడి ఇసుక ముందు అన్న పాత అమరికే తాబేలుకి సరిపోతుంది.

ఒడ్డున చచ్చి పడి ఉన్న తాబేళ్లు మాత్రం ఎక్కువగా వలల బాధితులే. ఊపిరి కోసం పైకి రావాల్సిన జీవి ట్రాల్ వలలో చిక్కుకుంటే మునిగిపోయి చస్తుంది. తాబేలు తప్పించుకునే ద్వారం ఉన్న వలలు ఉన్నాయి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కూడా ఉంది, కానీ గుడ్లు పెట్టే కాలంలో ఎక్కువ భాగం అప్పటికే అయిపోతుంది.

గుడ్ల గుంట కనిపిస్తే ఏం చేయాలి?

ముట్టుకోకండి. అటవీ శాఖ వాళ్లకి కబురు చెప్పండి. ఈ తాబేలు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూల్‌లో ఉంది. గుడ్లు తీసుకెళ్లడం కూడా నేరమే. దగ్గర్లో ఊరకుక్కలుంటే తోలేయండి, నక్కల కన్నా అవే ఎక్కువ తవ్వుతాయి.

దిబ్బ ఇసుక ఇంటికి, రోడ్డుకి తోలుకుంటే నష్టమేంటి?

మీ బావి నీళ్లు ఉప్పగా మారడం. తీరం ఊళ్లలో పాతవాళ్లు దిబ్బ మీద చెలమ తవ్వితే తియ్యటి నీళ్లొచ్చేవని చెబుతారు. సముద్రం పక్కనే తియ్యటి నీళ్లెలా? వాన నీరు ఇసుకలో దిగి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతుంది. ఉప్పునీటి కన్నా మంచినీరు తేలిక. సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మంచినీరు నిలిస్తే, కింద సుమారు 40 అడుగుల దాకా ఉప్పునీటిని నొక్కి ఉంచుతుందని లెక్క. అంటే దిబ్బని తవ్వి పైన ఆ ఒక్క అడుగు పోగొడితే, కింద పోయేది అంతకి ఎన్నో రెట్లు.

రొయ్యల చెరువుల కోసం దిబ్బ చదును చేసి పక్కన ఉప్పునీరు నిలబెడితే నష్టం రెండు వైపులా జరుగుతుంది. చెరువు నాలుగు పంటలకి డబ్బులిస్తుంది నిజమే. ఆ తర్వాత చుట్టుపక్కల కొబ్బరి చెట్లు ఎండిపోవడం, మంచినీళ్లకి ట్యాంకర్ కోసం బిందెలు వరసపెట్టడం తీరంలో చాలామంది చూస్తున్నదే.

చట్టం ఏమైనా అడ్డుపడుతుందా?

కాగితం మీద గట్టిగానే. సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నిబంధనలు, 2011వి చూసినా 2019వి చూసినా, ఇసుక దిబ్బల్ని, మడ అడవుల్ని, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లని అన్నిటికన్నా సున్నితమైన తరగతిలో పెట్టాయి. ఇబ్బంది ఎక్కడంటే, దిబ్బ ఇక్కడుంది అని మ్యాపులో ఎక్కాలి. రాత్రికి రాత్రి చదునైపోయిన దిబ్బ మ్యాపు గీసే నాటికి దిబ్బగా ఉండదు. మీ పంచాయతీ పరిధిలో దిబ్బలుంటే సీఆర్‌జెడ్ మ్యాపులో అవి ఉన్నాయో లేదో ఒకసారి అడిగి చూడండి.

శ్రీహరికోట అడవి లాంటిదేనా ఇది?

చుట్టరికం ఉంది, అంతస్తు వేరు. పులికాట్ సరస్సుకీ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న శ్రీహరికోట కూడా ఇసుక ద్వీపమే. అక్కడ పాల, నేరేడు, అల్లి లాంటి చెట్లతో ఏడాది పొడవునా ఆకు రాల్చని ఎండు అడవి ఉంది. కోరమాండల్ తీరమంతా ఒకప్పుడు ఉండి, ఇప్పుడు ముక్కలుగా మిగిలిన రకం అది. ద్వీపం అంతరిక్ష కేంద్రం చేతికి వెళ్లడం, జనం రాకపోకలు ఆగిపోవడం అడవికి కలిసొచ్చింది. అక్కడ తరతరాలుగా బతికిన యానాదులకి మాత్రం ఇల్లూ వాకిలీ వదలాల్సి వచ్చింది, ఆ సంగతి కలపకుండా దాన్ని విజయగాథ అనలేం. గోదావరి దిబ్బలు అంత పాతవి కావు, చాలావరకు పొద దశలోనే ఉన్నాయి.

అసలు ఈ దిబ్బలు నిలుస్తాయా, సముద్రం తినేస్తుందా?

అది ఒక్క పొదల చేతిలో మాత్రమే లేదు. గోదావరి సముద్రానికి తెచ్చే ఒండ్రు, ఇసుక 1970లలో ఏడాదికి 15 కోట్ల టన్నుల దాకా ఉండేది, 1990ల నాటికి 6 కోట్ల టన్నుల లోపుకి పడిపోయింది. పైన కట్టిన డ్యాముల్లో మేట వేసుకుపోతోంది. 1976, 2001 మధ్య డెల్టా ముందు భాగంలో చేరిన నేల కన్నా పోయిన నేల 18 చదరపు కిలోమీటర్లు ఎక్కువ. కొత్త ఇసుక తక్కువ వస్తున్నప్పుడు ఉన్న ఇసుకని పట్టి ఉంచేవాటి విలువ ఇంకా పెరుగుతుంది. డ్యాముని మనం కదపలేం, బాలబంద తీగని పీకకుండా ఉండగలం.

చూడ్డానికి వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. హోప్ ఐలాండ్‌కి కాకినాడ నుంచి పడవలుంటాయి, సముద్రం బాగున్న రోజుల్లోనే. వెళ్లేముందు అటవీ శాఖ వాళ్లని అడగండి, తాబేళ్ల కాలంలో ఆంక్షలుండొచ్చు. నీళ్లు మీరే పట్టుకెళ్లండి, ఖాళీ సీసాలు మీరే తెచ్చుకోండి. పొదల మీదుగా కొత్త దారి చేయొద్దు. ఒక్క కాలిబాట పడితే చాలు, గాలి అక్కడే కోయడం మొదలుపెడుతుంది.

మాది సముద్రం పక్కనే పొలం. ఏం చేస్తే మంచిది?

ముందు, సముద్రం వైపు ఉన్న తీగనీ గడ్డినీ అలాగే ఉంచండి, శుభ్రం చేయించొద్దు. బోడిగా ఉన్న చోట వానలు మొదలయ్యాక బాలబంద తీగ ముక్కలు, కణుపులు ఇసుకలోకి వచ్చేలా అడ్డంగా పాతండి. దాని వెనక మొగలి పిలకలు, ఇంకాస్త వెనక కానుగ, గంగరావి. ఈత గింజలు వేస్తే నెమ్మదిగా వస్తాయి, మేకలు రాకుండా రెండేళ్లు కంచె కావాలి. సర్కారు తుమ్మ మొలక కనిపిస్తే ఆ రోజే పీకేయండి. సరుగుడు వేయాలనుంటే వీటన్నిటి వెనకే, అది కూడా సగం సగంగా వేర్వేరు ఏళ్లలో వేయండి. అప్పుడు నరికినప్పుడు సగం తోటైనా నిలబడి ఉంటుంది.